కరెంటు మీద వేసిన నింద

మా ఇంట్లో 200 పేజీల నోటుబుక్కు ఒకటుంది. అట్ట మీద నా చేతిరాతతోనే ‘మానిటర్’ అని ఉంటుంది. నా చేతిలో పని అయితే దాన్ని ఎప్పుడో నీళ్లపొయ్యిలో పెట్టేవాణ్ణి. అమ్మ పెట్టనివ్వలేదు. చుట్టాలొస్తే కాఫీ లోటా చేతికిచ్చి, ఆ పుస్తకం కూడా ఒళ్లో పెడుతుంది. ‘మావాడు ఆరు నెల్లు ఏం పరిశోధన చేసినాడో సూడండి’ అంటుంది.

లోపలంతా తేదీలూ టైములే. మచ్చుకు ఒక రోజు: 2022 జనవరి 18. 9.40, 11.05, 1.15, 1.50, 4.00, 5.30, 8.20. ఆ రోజు నా మానిటర్ ఏడుసార్లు ఆరిపోయింది. ఏ జబ్బుకు మందు కావాలని ఊళ్లూ అంగళ్లూ తిరిగానో, ఆ జబ్బు పేరు ఈ ఏడు అంకెల్లోనే ఉంది. నేను రాసింది నేనే చదవలేకపోయాను.

మొదట్నుంచీ చెబుతాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బెంగళూరులో గది వదిలేసి గోరంట్లకు వచ్చేశాను. పది రోజులకని రెండు జతల బట్టలతో వచ్చినవాణ్ణి. ఏడాదిన్నర గడిచినా ఆఫీసు పిలవలేదు, నేనూ అడగలేదు. వసారా పక్కన ఒకప్పుడు శెనక్కాయ మూటలు వేసుకున్న గది నా ఆఫీసైంది. ల్యాప్‌టాప్ చిన్న తెర మీదికి వంగి వంగి మెడ పట్టేసింది. 2021 అక్టోబరులో, పండగ తగ్గింపుల్లో, 24 అంగుళాల మానిటర్ ఒకటి తెప్పించాను. దాంతోపాటే చక్రాల కుర్చీ, పిడి నొక్కితే పైకీ కిందికీ కదిలేది. వచ్చిన ఆదివారమే రెండూ బిగించుకున్నాను. ఊపులో ఉన్నాను కదా, ఆ నెలలోనే కొత్తగా వచ్చిన విండోస్ 11ను కూడా అదే పూట ఎక్కించేశాను. మూడూ మధ్యాహ్నం సంగటి ముద్ద చల్లారేలోపల అయిపోయాయి. నా అంత పనిమంతుడు మండలంలో లేడనుకుని రెండో ముద్ద వేయించుకున్నాను.

మూడోరోజో నాలుగోరోజో మొదలైంది. పనిలో ఉండగా మానిటర్ నల్లబడుతుంది. ల్యాప్‌టాప్ ‘టడంగ్’ మంటుంది. ఏదో వస్తువు ఊడిపోయిందని చెప్పే చప్పుడు అది. పెద్ద తెర మీద పరిచిపెట్టుకున్న ఎక్సెల్ షీట్లూ మెయిళ్లూ తోడేలును చూసిన గొర్రెల్లాగా బిలబిలమంటూ చిన్న తెర మీదికి దూరతాయి. మానిటర్ మధ్యలో ‘నో సిగ్నల్’ అని ఒక నీలంపెట్టె అటూ ఇటూ తచ్చాడుతుంది. రెండు మూడు సెకన్లు, అంతే. మళ్లీ టడంగ్. బొమ్మ వస్తుంది. షీట్లలో కొన్ని తిరిగి వాటి చోటికి పోతాయి, కొన్ని పోవు. పోనివాటిని ఒక్కొక్కదాన్నీ ఈడ్చి దొడ్లోకి తోలాలి. అంతలో నేను ఏ లెక్క మధ్యలో ఉన్నానో మర్చిపోతాను.

మొదట్లో రోజుకు ఒకటి రెండుసార్లు. ఒక్కోసారి నేను కాఫీ తాగి వచ్చి కూర్చునేసరికే తెర నల్లగా ఉండేది. ‘నేను గదిలో లేనప్పుడు కూడా ఆరిపోతోంది’ అని పుస్తకంలో రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీత ఇప్పటికీ ఉంది. కూర్చోబోతూ చూస్తున్నానా, కూర్చున్నాక చూస్తున్నానా అన్న సందేహం నాకు రాలేదు.

తప్పు ఎవరిదని వెతకడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. కరెంటుది.

మా వైపు వాళ్లకిది పుట్టుకతో వచ్చిన అలవాటు. పాలు విరిగినా, మోటారు కాలినా, పిల్లోడు పరీక్ష తప్పినా ముందు కరెంటును అంటాం. గదిలో బల్బు మినుక్కుమనలేదు. ఫ్యాను వేగం తగ్గలేదు. వైఫై పెట్టె మీద దీపాలు కదలకుండా వెలుగుతున్నాయి. ఒక్క మానిటరే ఆరిపోతోంది. అయినా కరెంటుదే తప్పు. ‘సన్నగా వచ్చిపోతాంది, బల్బుకు తెలియదు, మానిటర్‌కు తెలుస్తాది’ అని అమ్మకు శాస్త్రం చెప్పాను. అమ్మ నా ముఖం చూసి ఊరుకుంది.

హిందూపురం పోయి యూపీఎస్ కొన్నాను. మానిటర్‌ను దానికి తగిలించాను. మర్నాడు యథాప్రకారం ఆరిపోయింది. బుద్ధున్నవాడైతే కరెంటును అక్కడితో వదిలేస్తాడు. నేను యూపీఎస్ మంచిది కాదని తేల్చాను.

ఇందులో సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. మీటింగులో నా తెర చూపిస్తూ మాట్లాడుతున్నప్పుడు ఇదే జరిగేది. షీటు మాయమై, నా ల్యాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకున్న క్రికెట్ స్కోరు అందరికీ కనపడేది. ‘సారీ అండి, మా ఊళ్లో కరెంటు ఇట్లానే ఉంటుంది’ అనేవాణ్ణి. ‘అనంతపురం కదా పాపం’ అనేది మా మేనేజరమ్మ. ఆమెది కాకినాడ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే కరువు జిల్లా అని మేము బడిలో చదువుకున్నది వాళ్లూ చదివే ఉంటారు. వానే లేని ఊరికి కరెంటెక్కడిది అని వాళ్లనుకున్నారు. నేను కాదనలేదు. ఆ జాలి బాగుండేది కూడా. ఒకసారి పని ఆలస్యమైతే, మానిటర్‌తో సంబంధం లేకపోయినా, ఆ కరెంటునే వాడుకున్నాను. ఎండకూ కరువుకూ పడాల్సిన మాటలు ఎటూ పడుతూనే ఉంది మా ఊరు. పైన నా కుర్చీ పాపం కూడా దాని నెత్తినే పెట్టాను.

అంతటితో ఆగానా? ఒక సిద్ధాంతం కట్టాను. వ్యవసాయానికి పగటిపూట 9 గంటల కరెంటు ఇస్తారు కదా, ఊరి చుట్టూ బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయినప్పుడూ ఆఫ్ అయినప్పుడూ ఆ కుదుపు నా మానిటర్‌కు తగులుతోందని. పుస్తకంలో టైములు రాయడం మొదలుపెట్టింది దీన్ని నిరూపించడానికే. వారం రోజుల టైములు చూపించి, లైన్ చూసే అన్నను బతిమాలి ఇంటికి తెచ్చాను. ఆయన స్తంభం దగ్గర చూశాడు, మీటరు దగ్గర చూశాడు, నా గది సాకెట్లో మీటరు పుల్లలు పెట్టి చూశాడు. 231. పది నిమిషాలు అట్లే పట్టుకున్నాడు. ఒకటి పెరగలేదు, ఒకటి తగ్గలేదు.

‘కరెంటు బండరాయి మాదిరి నిలబడిండాది కదన్నా. నీ కత ఏందో ఇంట్లోనే ఉండాది, చూసుకో’ అన్నాడు.

అప్పుడు ఆయన నిలబడి ఉన్నాడు. నేనూ మర్యాదకు నిలబడే ఉన్నాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పది నిమిషాలూ మానిటర్ నిశ్చలంగా వెలిగింది. ఆయన పోయాక ‘హమ్మయ్య’ అని కుర్చీలో కూలబడ్డాను. టడంగ్. ‘చూశావా, ఆయన గడప దాటగానే మొదలైంది!’ అని అమ్మను కేకేశాను.

తర్వాత కేబుళ్ల వంతు. మా చిన్నాయన వేసిన బోర్ల గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన తోటలో ఏడు బోర్లు వేశాడు. ఒక్కోదానికి ఒక్కో మనిషిని పిలిచాడు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తాడు, కాయ నిలబడిన చోట నీళ్లు. ఇంకొకాయనది వేపపుల్ల. ఆరు ఎండిపోయాయి. ఏడోదాంట్లో వేలెడు ధార పడితే, ఆ ఏడో ఆయన్ని దేవుడన్నాడు. నేను ఇంజనీరింగు చదివినవాణ్ణి కాబట్టి పండక్కు వచ్చినప్పుడల్లా చిన్నాయనను ఆటపట్టించేవాణ్ణి. అట్లాంటి నేను కేబుళ్లనూ అట్లానే కొన్నాను.

మొదట కొన్నది కేబులు కూడా కాదు, బొటనవేలంత కన్వర్టరు. ల్యాప్‌టాప్ పక్కనుండే టైప్-సి రంధ్రంలోంచి మానిటర్‌కు బొమ్మ పంపే వస్తువు. పెట్టాను. ఉలకదు పలకదు. వారం రోజుల తర్వాత తెలిసింది: టైప్-సి ఆకారం ఉన్న ప్రతి రంధ్రం బొమ్మను పంపదు. కొన్ని ఛార్జింగుకూ ఫైళ్లకూ మాత్రమే. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, పిడుగు గుర్తో ఉంటే పంపుతుందని నమ్మొచ్చు. లేకపోతే ఆ మోడల్ వివరాలు చదువుకోవాలి. నా దానికి ఏ గుర్తూ లేదు, వివరాలు నేను చదవలేదు. ఆరు వందలు.

రెండోది అసలు హెచ్‌డీఎంఐ కేబులే. ఇది కొన్న వారమే, 2021 నవంబరు మూడో వారం, మా జిల్లాలో ఎన్నడూ చూడని వానలు పడ్డాయి. ఇసుకే తప్ప నీళ్లు చూడని చిత్రావతి ఒడ్లు తెంచుకుంది. చెన్నేకొత్తపల్లి వైపు వెల్దుర్తి దగ్గర నదిలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టరొచ్చి తీసుకుపోయింది. మా వీధిలో గోడలు చెమర్చాయి, అప్పడాలు మెత్తబడ్డాయి, ఉప్పు డబ్బాలో నీరు చేరింది. నా మానిటర్ పది రోజులు ఒక్కసారి కూడా కన్నార్పలేదు.

‘చూడమ్మా, కేబులే’ అన్నాను. ముగ్గురు స్నేహితులకు ఆ కేబుల్ పేరు చెప్పి కొనిపించాను. చిన్నాయనకు ఏడో ఆయన ఎట్లానో, నాకు ఆ కేబుల్ అట్లా.

వానలు వెలిశాయి. డిసెంబరులో గాలి పొడిగా మారి పెదాలు పగలడం మొదలైంది. మానిటర్ మళ్లీ ఆరడం మొదలైంది.

ఇక మానిటర్‌దే తప్పని హిందూపురానికి తీసుకుపోయాను. మిత్రుడి బండి మీద వెనక కూర్చుని, దెబ్బ తగలకుండా అమ్మ పెట్టెలోంచి తీసిన గొర్రెబొచ్చు కంబళి చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని. నల్లటి కంబళి, ఒక పక్క ఎర్ర అంచు, మా వైపు నేసిందే, అమ్మ పెండ్లినాటిది. అంగట్లో కుర్రాడు మానిటర్‌ను బల్ల మీద పెట్టి, తన ల్యాప్‌టాప్ తగిలించి, గంటసేపు సినిమా పాటలు వేశాడు. ఒక్కసారి కూడా ఆరలేదు. అక్కడ అందరం నిలబడే ఉన్నాం.

‘ఏం లేదన్నా దీనికి’ అన్నాడు. వాడికి పని తెలియదనుకుంటూ ఇంటికొచ్చాను. మానిటర్‌ను బల్ల మీద పెట్టి, విప్పిన కంబళిని కుర్చీ మీద పడేశాను. ఆ సాయంత్రం చలిగా ఉంది. కంబళి మీద కూర్చుంటే వెచ్చగా ఉంది. అది అక్కడే ఉండిపోయింది.

ఆ మరుసటి రోజు నుంచి రోజుకు రెండుసార్లు ఆరేది కాస్తా ఆరేడుసార్లకు ఎక్కింది. పుస్తకంలో ఇట్లా ఉంది: ‘డిసెంబర్ 27. అంగట్లో ఏదో చెడగొట్టారు.’

జనవరిలో డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశాను. విండోస్ 11ను తీసేసి వెనక్కి పోయాను. బొమ్మ వేగాన్ని సెకనుకు 75 నుంచి 60కి దించాను. అన్నీ ఒకే రాత్రి. ఏ మార్పుకు ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాలని నేనే ఆఫీసులో కొత్త పిల్లలకు చెబుతుంటాను. జనవరి 18 నాటి ఏడుసార్లు ఇవన్నీ అయ్యాక వచ్చినవే.

ఫిబ్రవరిలో ఒక ఆధారం దొరికింది. ల్యాప్‌టాప్ ఇనుప ఒంటి మీద మణికట్టు ఆనిస్తే జుమ్మంటోంది. టెస్టర్ పెడితే లోపలి బల్బు ఎర్రగా వెలిగింది. షార్ట్ అనుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. ఆయన ఛార్జరు ప్లగ్గు లాగి చూసి నవ్వాడు. పాత ఇంటి సాకెట్లో దూరడం లేదని నేనే మూడు పుల్లల ప్లగ్గుకు రెండు పుల్లల తొడుగు వేశాను. ఎర్త్ తెగిపోయింది. ఛార్జరు లోపల రొద అణచడానికి పెట్టే చిన్న కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్ ఒంట్లోకి వస్తుందట. దానికి భూమిలోకి దారి లేక, ఒళ్లంతా సగం వోల్టేజీ పట్టుకుని తేలుతూ ఉంటుంది. చంపదు, చక్కిలిగింత పెడుతుంది.

సాకెట్ మార్చి, ఎర్త్ తీగ పట్టుకుని ఇంటి వెనక్కి పోయాడు. ఎర్త్ గుంత మీద అమ్మ కట్టెలు పేర్చింది. తీసి చూస్తే మట్టి బిస్కట్టులాగా ఎండి నెర్రెలిచ్చింది. ‘భూమి తడిగా ఉంటేనే కదన్నా ఎర్త్. ఈ ఎండుమట్టికి యాడ దిగుతాది?’ అన్నాడు. ఉప్పూ బొగ్గులూ దట్టించి, వారానికి రెండు బిందెల నీళ్లు పొయ్యమన్నాడు. నేను పోస్తుంటే అమ్మ వాకిట్లోంచి చూసి, ‘మునగచెట్టుకు పోస్తే కాయన్నా కాస్తాది’ అంది. కొళాయి రోజు మార్చి రోజు వచ్చే ఇంట్లో, ఇనుప పైపుకు నీళ్లు పోసే కొడుకును చూసి ఏ తల్లయినా అదే అంటుంది.

జుమ్మనడం పోయింది. ఆ మేరకు అది చెయ్యాల్సిన పనే, ముందే చెయ్యాల్సింది. మానిటర్ ఆరడం మాత్రం కాస్త తగ్గిందో నాకలా అనిపించిందో, పోలేదు. మార్చిలో మూడో కేబుల్ కొన్నాను. అమ్మ మాధవరాయస్వామి గుడిలో నా పేరున అర్చన చేయించి వచ్చింది. నా పేరుననే అంది, మానిటర్ పేరున అనలేదు. అప్పటికే ఆమెకు ఏదో తెలిసి ఉండాలి.

2022 ఏప్రిల్ 2, ఉగాది. మార్చి ఆఖరు లెక్కలు మిగిలిపోయి పండగపూట కూడా కూర్చున్నాను. అమ్మ పచ్చడి గిన్నె తీసుకుని గడపలో నిలబడింది.

‘లేసి, కాళ్లు కడుక్కోని రా.’

లేచాను. టడంగ్.

‘థూ, మళ్లీ పోయింది’ అని కూర్చున్నాను. టడంగ్.

‘ఇంగోసారి లెయ్యి’ అంది అమ్మ.

‘ఎందుకు?’

‘లెయ్యిరా అంటే.’

లేచాను. తెర నల్లబడింది.

‘నువ్వు లేస్తానే పోతాంది’ అంది, పచ్చడిలో వేపపువ్వు వేలితో పక్కకు తీస్తూ. ‘నేను సంక్రాంతి నుంచి చూస్తాండా. మీ నాయన మిద్దె మీద ఏంటెన్నా పట్టుకోని నిలబడితే బొమ్మ వస్తాండె, చెయ్యి తీస్తే పోతాండె. నీకు కూర్చుంటే వస్తాంది, లేస్తే పోతాంది. దాంట్లో ఏముండాది?’

‘మరి చెప్పొచ్చు కదమ్మా!’

‘నువ్వు ఇంజనీరువి. తెలిసే చేస్తాండావనుకుంటి.’

పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. అమ్మ జనవరి 18 మీద వేలు పెట్టింది. 9.40 ఉగ్గాని తినేదానికి. 11.05 కాఫీ. 1.15 అన్నానికి లేచింది, 1.50 వచ్చి కూర్చుంది. 4.00 మళ్లీ కాఫీ. 5.30 పాలు తేవడానికి. 8.20 పడుకునేముందు తలుపు వెయ్యడానికి. ఊరి బోరు మోటార్ల మీద నేను కట్టిన సిద్ధాంతమంతా నా కాఫీ వేళల పట్టిక.

నమ్మకం కుదరక ఆ మధ్యాహ్నం అమ్మతోనే పరీక్ష పెట్టించాను. ఆమె నూలుచీరతో, ఒట్టి కాళ్లతో కూర్చుని లేస్తే పదికి రెండుసార్లు పోయింది. నేను పాలిస్టర్ ప్యాంటూ రబ్బరు చెప్పులూ వేసుకుని లేస్తే పదికి తొమ్మిది. కంబళి తీసేసి లేస్తే పదికి మూడు. కంబళి తీసి, కుర్చీ కూడా తీసి వంటింటి చెక్కపీట వేసుకుంటే పదికి సున్న. ఆరు నెలల్లో నేను చేసిన మొదటి సరైన పని ఇదే. అమ్మ పదిసార్లు లేచి కూర్చుని మోకాళ్లు పట్టుకుంది. ‘మానిటర్ బాగాయె, నా కాళ్లు పోయె’ అంది.

చీకటి పడ్డాక గది తలుపులు మూసి, కుర్చీ మీది కంబళిని సర్రున లాగాను. రెక్జిన్‌కూ కంబళికీ మధ్య నీలం మెరుపులు చిటపటమన్నాయి. మిణుగురుల గుంపు మీద చెయ్యి వేసినట్టు. బడిలో దువ్వెన తలకు రుద్ది కాగితం ముక్కలు లేపిన ఆటే ఇది. ఉన్నికి ఎలక్ట్రాన్లను వదిలేసే గుణం, పాలిస్టర్‌కు లాక్కునే గుణం. రెండూ ఒరుసుకుని విడిపోతే వేల వోల్టుల స్థిర విద్యుత్తు పుడుతుంది. గాలిలో తేమ ఉంటే అది మెల్లగా జారిపోతుంది. చిత్రావతి పొంగిన వారంలో నా కేబుల్‌ను కాపాడింది ఆ తేమే. ఎండుగాలిలో అది పోయే దారి లేదు. కింద తాడిపత్రి బండలున్నా మధ్యలో కుర్చీకి నైలాన్ చక్రాలు. మనం లేవగానే ఆ పోగైనదంతా కుర్చీ ఇనుప భాగాల్లో ఒకచోటి నుంచి ఒకచోటికి దూకుతుంది. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి కాబట్టి, అంతకు తక్కువదేదీ మన దృష్టికే రాదు. దాని అల మాత్రం గదిలో తీగలన్నిటికీ తగులుతుంది.

మానిటర్‌కు ఎందుకంత నొప్పి అంటే, ఆ కేబుల్‌లో జరిగేది అంత సున్నితమైన పని. 19 పిన్నులు. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కల బొమ్మ సెకనుకు 60సార్లు పోవాలంటే, మూడు రంగుల జతల్లో ఒక్కోదాంట్లో సెకనుకు 148.5 కోట్ల బిట్లు పరిగెత్తాలి. వాటి ఎత్తుపల్లాలు అర వోల్టు పాటివి. 19వ పిన్ను పని ‘నేను ఇక్కడే ఉన్నాను’ అని ల్యాప్‌టాప్‌కు చెబుతూ ఉండటం. తొడుగు సరిగా లేని కేబుల్ ఏంటెన్నా అవుతుంది, వేల వోల్టుల చిటుక్కు దాని చెవిలో పడుతుంది, బిట్ల తాళం తప్పుతుంది లేదా ఆ పిన్ను తడబడుతుంది. మానిటర్ బెదిరి కళ్లు మూసుకుని, మళ్లీ తాళం కుదుర్చుకుని తెరుస్తుంది. ఆ రెండు మూడు సెకన్లు అవే.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. యూఎస్‌బీ ద్వారా మానిటర్లను తగిలించే పరికరాలకు చిప్పులు చేసే డిస్‌ప్లేలింక్ సంస్థ, గ్యాస్‌తో పైకి లేచే ఆఫీసు కుర్చీల్లోంచి లేచినా కూర్చున్నా తెరలు ఆరిపోవచ్చని తన సలహాల్లో రాసిపెట్టింది. ఆరు నెలలు నేను వెతికింది కరెంటు గురించీ కేబుల్ గురించీ డ్రైవర్ గురించీ. నా కింద ఏముందో అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఉగాది అయిన రెండు రోజులకు, ఏప్రిల్ 4న, మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఆ లెక్కన నా తెలివితక్కువ మొత్తం అనంతపురం జిల్లా పద్దులోనే ఉంది. కొత్త జిల్లాకు మచ్చ లేదు.

సోమవారం మీటింగులో మేనేజరమ్మ మామూలుగా అడిగింది, ‘మీ ఊళ్లో కరెంటెట్లా ఉంది?’ అని. కుర్చీ అని చెబుదామని నోరు తెరిచాను. ఆరు నెలల జాలి గుర్తొచ్చింది. ‘ఇప్పుడు బాగు చేశారండి’ అన్నాను. చివరికి అప్పుడు కూడా నిజం చెప్పలేదు. లైన్ చూసే అన్న మాత్రం బజార్లో కనపడితే చెప్పాను. ఆయన బండి ఆపి, స్టాండు వేసి, కూర్చుని నవ్వాడు.

కంబళిని అమ్మ దులిపి పెట్టెలో పెట్టేసుకుంది. నాలుగో కేబుల్, మంచి తొడుగున్నది, కొందామనుకుని ఆగాను. అప్పటికి యూపీఎస్సూ కేబుళ్లూ కన్వర్టరూ కలిపితే మానిటర్ ధరలో సగం దాటింది. నేను చెక్క కుర్చీకి మారాను. చక్రాల కుర్చీని వసారాలో వేశాం. చిన్నాయనకు అది తెగ నచ్చింది. సాయంత్రం కాగానే వచ్చి దాంట్లో కూర్చుని, కొబ్బరికాయ ఆయన గొప్పా మా ఇంజనీరు గొప్పా అని వీధిలో పోయేవాళ్లను అడుగుతుంటాడు.

ఆ వసారా గోడకు ఇవతల నా బల్ల ఉంది. ఎండాకాలం సాయంత్రాల్లో, ఎప్పుడో ఒకసారి, నా తెర నల్లబడుతుంది. టడంగ్. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపిస్తుంది.

‘చిన్నాయన లేసినట్టుండాడు. కాపీ తాగి పొమ్మను.’